ఇచ్చట పిల్లల మాటలు వినబడును

మొన్న శుక్రవారం పొద్దున మా కోడలు ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. పూలదండ వేసిన ఫొటో. కింద పెద్ద పేరు, ఆ పేరు వెనక బారుగా ఇంగ్లీషు అక్షరాలు.

"ఎవరే ఈవిడ?" అన్నాను.

"అదేంది అత్తయ్యా, మీ కౌన్సిలింగమ్మేగా!"

అప్పుడు మళ్లీ చూశాను. ఫొటోలో ఆవిడ జుట్టు నున్నగా దువ్వి ఉంది. అందుకే పోల్చుకోలేకపోయాను. ఆవిణ్ణి దువ్విన తలతో నేనెప్పుడూ చూడలేదు.

గుంటూరులో పోయిందంట. నిద్రలోనే. మాకు కబురు తెలిసేసరికి దహనం కూడా అయిపోయింది. ఆ పెద్ద పేరు నేనిక్కడ చెప్పను, ఆ పేరుతో మాకు పరిచయం లేదు. నేను చెప్తుంటే కోడలు రాస్తోంది. దాన్ని కూడా రాయొద్దన్నాను.

ఫొటో చూడగానే నాకు ఏడుపు రాలేదు. రెండు సంగతులు బుర్రలో పడ్డాయి. మా ఎదురింటి లావణ్యకి ఈ మాట ఎవరు చెప్పాలి అన్నది ఒకటి. గురువారం రెండో కుర్చీలో ఎవరు కూర్చోవాలి అన్నది ఇంకొకటి.

ఆ కుర్చీ సంగతి ముందు చెప్పాలి. మా ఊరు పర్చూరు దాటి లోపలికి. మా హైస్కూల్లో వంటగది పక్కన ఒక చిన్న గది ఉంది. ప్రతి గురువారం నేనక్కడ కూర్చుంటాను. మనసు బాగోని పిల్లలు వచ్చి చెప్పుకుంటారు, నేను వింటాను. ఇద్దరు మనుషులుంటేనే ఆ గది తలుపు తియ్యాలని ఆవిడ పెట్టిన రూలు. ఒకరు లోపల వింటుంటే ఒకరు వరండాలో ఉండాలి, లోపలికి ఎవరూ దూరకుండా. నాతో కూర్చునే రమణమ్మ కూతురి కాన్పుకని హైదరాబాదు పోయి అక్కడే ఉండిపోయింది. అప్పటినించి ఆ వరండా కుర్చీలో కౌన్సిలింగమ్మే కూర్చుంటోంది, ఆ వయసులో గుంటూరు నించి బస్సెక్కి వచ్చి. ఇప్పుడు ఆవిడా లేదు.

శుక్రవారమే హెడ్మాస్టరు గారు అడిగారు. "వెంకాయమ్మా, రెండో మనిషి ఎవరన్నా ఉన్నారా? లేకపోతే గది మూసేద్దాం. రూలు మీ మేడంగారు పెట్టిందే మరి."

"ఉంది సార్. అడగాలి" అన్నాను. నా మనసులో లావణ్యే ఉంది.

ఇంతకీ కౌన్సిలింగమ్మ అన్న పేరు ఆవిడకి ఎట్టా వచ్చిందంటే, మా ఊరి తెలివివల్ల వచ్చింది. ఆవిడ పిల్లల మనసు డాక్టరు. మొదటిసారి మా ఊరొచ్చే ముందు ఆటోకి మైకు కట్టించి చెప్పించారు, "గురువారం హైస్కూల్లో పిల్లలకు ఉచితంగా కౌన్సిలింగ్ ఇవ్వబడును" అని. మా వైపు కౌన్సిలింగ్ అంటే తెలిసినవి రెండే. ఒకటి ఇంజనీరింగ్ సీట్లు పంచేది. రెండోది తాగి బండి నడిపినోణ్ణి ఎస్సైగారు స్టేషనుకి పిలిపించి ఇచ్చేది. దాంతో సగం ఊరు ర్యాంకు కార్డులు, మార్కుల మెమోలు, కులం సర్టిఫికెట్లు, వాటికి జెరాక్సులు పట్టుకుని వరస కట్టింది. మిగతా సగం ఊరు కొడుకుల్ని దాచేసింది. శేషయ్య కొడుకైతే తెల్లారకముందే ఇంకొల్లు పారిపోయాడు.

మొదట నుంచున్నది మా పక్కింటి బుల్లెబ్బాయి. "మేడంగారూ, మావాడికి ర్యాంకు కాస్త దూరంగా వచ్చిందండి. విజయవాడ చుట్టుపక్కల కంప్యూటర్లలో సీటేమన్నా పడుద్దంటారా?"

ఆవిడ నవ్వలేదు. "ఇది ఆ కౌన్సిలింగ్ కాదు" అని పంపించనూ లేదు. కాగితాలు తీసుకుని ఒక్కొక్కటీ చూసింది. చూసి, "పిల్లాడికేం ఇష్టం?" అంది.

"వాడికి ఇష్టమేందండి, మేం చదవమంది చదువుతాడు."

"అన్నం తింటున్నాడా?"

"ఆఁ?"

"అన్నం. సరిగా తింటున్నాడా? నిద్రపోతున్నాడా?"

బుల్లెబ్బాయి వెనక్కి తిరిగి మమ్మల్నందర్నీ చూశాడు. "సీటుకీ అన్నానికీ ఏంది సంబంధం?" అని గొణుక్కుంటా పోయాడు. అట్టా చాలామంది గొణుక్కుంటానే పోయారు. వాళ్లలో ఒక తల్లి మాత్రం స్తంభం పక్కన ఆగి, అందరూ వెళ్లాక కాగితాలు సంచిలో పెట్టేసి, "మా పిల్ల తినట్లేదండి" అంది. ఆ ఒక్కదాని కోసమే ఆవిడ మళ్లీ గురువారం వచ్చింది.

ఆ కౌన్సిలింగ్ అన్న మాట తీసేద్దాం, బోర్డు మీద మామూలుగా రాయించమని హెడ్మాస్టరు గారితో చెప్పింది. "పిల్లలు చెప్పేది వింటాం, అంతే రాయించండి" అంది. మా ఊళ్లో బోర్డులు రాసే మస్తాను ఉన్నాడు. సైకిలు షాపులకీ మోటారు వైండింగు షాపులకీ రాసీ రాసీ వాడి చెయ్యి అట్టా తిరిగిపోయింది. నీలం రంగు రేకు మీద పసుప్పచ్చ అక్షరాలతో "ఇచ్చట పిల్లల మాటలు వినబడును" అని రాసి, కింద రెండు పూలు కూడా వేశాడు. హెడ్మాస్టరు గారు తల పట్టుకున్నారు. ఆవిడ చదివి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు తుమ్ములోకి పోయింది, తుమ్ములు ఆగలేదు. "మార్చొద్దు. ఇదే కట్టండి" అంది కళ్లు తుడుచుకుంటా.

తుమ్ములంటే గుర్తొచ్చింది. గుంటూరులో పుట్టి కారం పడని మనిషిని నేను ఈవిణ్ణొక్కదాన్నే చూశాను. మాకు మిరపకాయలు కళ్లానికొచ్చాయంటే ఊళ్లో గాలి కూడా కారమే. ఆవిడ బస్సు దిగిన దగ్గర్నించీ తుమ్మేది. ముక్కు ఎర్రగా, కళ్ల వెంట ధారగా నీళ్లు. కొంగు సరిపోదని భుజాన మగవాళ్ల తువ్వాలు ఒకటి వేసుకునేది, పొలం పోయే రైతులాగ. చిన్నపిల్లలు ఆవిడకి ఏడుపు డాక్టరమ్మ అని పేరు పెట్టారు. వాళ్ల మాట చెప్పుకోకముందే ఈవిడ ఏడుస్తుంటే వాళ్లకి బాగుండేదేమో, ఒక్కోసారి పిల్లలే ఆవిణ్ణి ఊరుకోబెట్టేవాళ్లు. "ఇది మిరపకాయ ఘాటురా నాయనా" అని ఆవిడ చెప్తూనే ఉండేది. వాళ్లు నమ్మేవాళ్లు కాదు.

మధ్యాహ్నం స్టీలు డబ్బాలో పెరుగన్నం. నేను గోంగూర పచ్చడి తీసుకెళ్తే వేలితో అంటుకుని నాలిక్కి రాసుకుని, చెంబెడు నీళ్లు తాగి, "బ్రహ్మాండంగా ఉంది" అని డబ్బా మూత పెట్టేసేది.

అందరికీ వినడం నేర్పిన మనిషి, ఫోనులో మాత్రం ఎవరి మాటా వినదు. "హలో" అనదు. "చెప్పండి" అంటుంది. మనం సగం చెప్పేసరికి "సరే గురువారం చూద్దాం" అని టక్కున పెట్టేస్తుంది. ఒకసారి ఒక పిల్ల సంగతి చెప్తుంటే అట్టాగే పెట్టేసింది. మళ్లీ చేసి, "ఏందమ్మా, మాకేమో ఊఁ కొట్టమంటావు, నువ్వు టక్కున కొట్టేస్తావు!" అని అరిచాను. "నిజమే, నాకు ఫోనులో ఓపిక ఉండదు, మనిషి కనపడాలి" అంది. అని మళ్లీ పెట్టేసింది.

నన్ను ఎట్టా పట్టుకుందో చెప్తాను. ఆ ఏడు కళ్లంలో మేం ఆడవాళ్లం కాయలు ఏరుతున్నాం. ఎర్రకాయల్లోంచి తెల్లబడిన తాలుకాయలు వేరు చెయ్యడం. వరసగా కూర్చుని, తలలు దించుకుని, చేతులు చేతుల్లా పోతుంటాయి, నోళ్లు నోళ్లలా పోతుంటాయి. ఆవిడ తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి మా మధ్యన బుట్ట బోర్లించుకుని కూర్చుంది. చాలాసేపు మా మాటలు వింది. ఆ తర్వాత అడిగింది.

"మీలో ఎక్కువ మాటాడేది ఎవరు?"

ఒక్కరు కూడా ఆలోచించలేదు. అన్ని చేతులూ నావైపే చూపించాయి. "మా వెంకాయక్క నోరు ఎత్తిందంటే మైకు అక్కర్లేదండి, పక్కూరోళ్లు కూడా పలుకుతారు" అంది రమణమ్మ.

"అయితే వెంకాయమ్మగారూ, మీరు నాకు కావాలి" అంది ఆవిడ.

నాకు ఒళ్లు మండింది. నన్ను ఆటపట్టిస్తుందనుకున్నాను. అదిగాక నా పేరు వెనక గారు తగిలించినవాళ్లు అప్పటిదాకా లేరు. "నాకు సంతకం పెట్టడమే సరిగా రాదు. మీకు నేనెందుకు?" అన్నాను.

అప్పుడు చెప్పింది. గుంటూరులో ఆవిడ గది బయట బెంచీల మీద తల్లులు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారంట. వేటపాలెం నించి జీడిపప్పు ఒలిచేవాళ్లు, చీరాల నించి మగ్గం ఆపుకుని వచ్చినవాళ్లు, పల్లెల్నించి పొలం వదిలి వచ్చినవాళ్లు. పొద్దున ఎప్పుడో బస్సెక్కితే ఆవిడ మొహం చూసేసరికి సాయంత్రం. చూసేది కాసేపు. పిల్ల నోరు విప్పేలోపల బయట ఇంకో పిల్ల. "నేనొక్కదాన్ని. నాకు చెవులు చాలట్లేదు. మీ చెవులు ఇవ్వండి" అంది.

"ఎక్కువ మాటాడేదాని చెవులు ఏం పనికొస్తాయండీ?"

"ఎవరికి ఏమైందో ఊళ్లో మీకే ముందు తెలుస్తుందిగా? మీ దగ్గర ఎవరికీ భయం లేదు. ఇంక నోరు ఆపడం ఒక్కటే నేర్పాలి. అది నా పని."

ఆ పని అంత తేలిగ్గా కాలేదు. రమణమ్మా నేనూ, అంగన్‌వాడీలో చేసే ఒక అమ్మాయీ, బడిలో అన్నం వండే ఇద్దరూ, ఇంకా అటూ ఇటూ ఊళ్లవాళ్లూ కలిసి బడి వరండాలో నేర్చుకోడానికి కూర్చున్నాం. డాక్టరమ్మ కదా, ఏవో పెద్ద సంగతులు చెప్తుందనుకున్నాం. ఊఁ కొట్టడం నేర్పించింది.

"కథ చెప్పేటప్పుడు మీ పిల్లలు ఊఁ కొట్టలేదూ? అదే. అందరికీ వచ్చిందే. ఒక్కొక్కరే ఊఁ అనండి, వింటాను."

మేం పకపకా నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఒక్కొక్కరి ముందూ కూర్చుని ఏదో ఒకటి చెప్పేది, మేం ఊఁ అనాలి. అని చూస్తే అప్పుడు తెలిసింది, మా నోట్లో ఒక్క ఊఁ కూడా సరైంది లేదు. రమణమ్మ ఊఁ అంటే, "అది అత్తగారి ఊఁ. తర్వాత చెప్తా నీ పని అన్నట్టుంది" అంది. అంగన్‌వాడీ అమ్మాయి ఊఁ అంటే, "బస్సు వచ్చేస్తుంది, త్వరగా కానీ అన్నట్టుంది" అంది. వంట చేసే సుబ్బులు గబగబా ఊఁ ఊఁ ఊఁ అంటే, "ఇదంతా నాకు ముందే తెలుసు అంటున్నావు" అంది. ఇంక నా వంతు వచ్చింది. ఊఁ అన్నాను. వరండా చివర పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయింది.

"వెంకాయమ్మగారూ, ఎడ్లను తోలుతున్నారా?"

ఆ వానాకాలమంతా నేను ఇంట్లో ఊఁ సాధన చేశాను. పొయ్యి ముందు ఊఁ, బావి దగ్గర ఊఁ. మా కోడలికి అప్పుడే కొత్తగా పెళ్లయింది, అత్తగారికి ఏదో అయిందని వాళ్లమ్మకి ఫోను చేసి చెప్పింది కూడా. రాస్తూ నవ్వుతోంది చూడు.

ఆవిడకి అస్సలు పడని మాట ఒకటి ఉంది. "ఏం కాదులే" అన్న మాట. మనం మనిషి బాధపడుతుంటే ముందు అనేదే అది. ఏం కాదులే, ఊరుకో. అన్నీ అవే సర్దుకుంటాయి. ఎవరన్నా ఆ మాట అంటే చాలు, ఆవిడ చెయ్యి ఎత్తి గాల్లో ఆపేది, బస్సు ఆపినట్టు. "ఆ మాటతో పిల్ల నోరు మూస్తున్నారు. అయ్యిందని చెప్పుకోడానికి వస్తే కాలేదంటారేంటి?" అనేది. ఇంకొకటి, మేం డాక్టర్లం కాదని గట్టిగా చెప్పేది. మందు పేరు మా నోట్లోంచి రాకూడదు. తాయెత్తు కట్టించుకుంటామంటే కట్టించుకోనివ్వమనేది, కానీ డాక్టరు దగ్గరికి పోవడం మాత్రం ఆపనివ్వొద్దనేది. పిల్ల ప్రాణం మీదికి తెచ్చుకునే మాట అందంటే ఆ పూటే ఆవిడకి చెప్పాలి. దాచిపెడతానని ఎవరికీ ఒట్టు వెయ్యకూడదు.

నేర్చుకునేటప్పుడు జతలుగా కూర్చోబెట్టేది. ఒకరు నిజంగా జరిగింది ఏదన్నా చెప్పాలి, రెండోవాళ్లు ఊఁ కొట్టాలి. ఒకరోజు జత సరిపోక నాకు ఆవిడే ఎదురైంది. ఏం చెప్పాలో తెలియలేదు. మా ఆయన సంగతి నోట్లోకొచ్చింది. పత్తిచేను కాడ మోటారు వెయ్యబోయి షాకు కొట్టి పోయాడు. అప్పటికి చాలా ఏళ్లయింది. ఆ సంగతి నేను ఎవరితో మొదలుపెట్టినా మధ్యలోనే ఊరుకో వదినా, ఏం కాదులే, పిల్లాడున్నాడుగా, దేవుడున్నాడుగా అనేవాళ్లు. నేనూ ఊరుకునేదాన్ని. ఆ రోజు ఆవిడ ఏమీ అనలేదు. ఊఁ అంది. చిన్నగా. నేను ఇంకొంచెం చెప్పాను. మళ్లీ ఊఁ. ఆ పొద్దున ఆయన చద్దన్నం తినకుండా వెళ్లాడు. నేను వెనకనించి కేకేస్తే, వచ్చి తింటాలే అన్నాడు. ఆ మాట దాకా నేను అంతకుముందు ఎప్పుడూ పోలేదు. అక్కడిదాకా రానిచ్చినవాళ్లే లేరు. చెప్పాక చూస్తే ఆవిడ కళ్ల వెంట నీళ్లు.

"కళ్లంలో కాయలున్నాయా?" అన్నాను.

"లేవు" అంది.

అది వానాకాలం. ఊళ్లో ఎక్కడా మిరపకాయ లేదు.

ఇంక లావణ్య. అది మా ఎదురింటి సాంబయ్య కూతురు. వాళ్లమ్మ కోటేశ్వరి నన్ను అక్కా అంటుంది, పిల్ల పెద్దమ్మా అంటుంది. చదువులో చురుకు. పది అవ్వగానే డాక్టరు చదివించాలని సాంబయ్య దాన్ని దూరంగా హాస్టలు కాలేజీలో వేశాడు. దసరాకి ఇంటికొచ్చింది. వచ్చిన దగ్గర్నించీ మాట లేదు. గోడవైపు తిరిగి పడుకోవడమే. అన్నం పళ్లెం ఎట్టా పెట్టింది అట్టాగే. కోటేశ్వరి జడుసుకుందేమోనని తాడు కట్టించింది. సాంబయ్య ఏమో, "నాటకాలు వదినా. చదవలేక నాటకాలు. సెలవలు అవ్వగానే దించేసి వస్తా" అన్నాడు.

గురువారం కౌన్సిలింగమ్మను వెంటపెట్టుకుని వాళ్లింటికి తీసుకెళ్లాను. ఆవిడ చాలాసేపు మంచం పక్కన కూర్చుంది. పిల్ల ఇటు తిరగలేదు. బయటికొచ్చి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటా చెప్పింది.

"నాతో చెప్పదు. దాని కంటికి నేనూ ఆ కాలేజీవాళ్ల మనిషిలాగే ఉన్నాను. మీరు వెళ్తూ ఉండండి. ఏమీ అడగొద్దు. చేతిలో ఏదన్నా పనుంచుకోండి. ఒంటరిగా మాత్రం ఎవరూ వదలొద్దు."

అప్పుడు వాన పట్టి మా పత్తి తడిసింది. తడిసిన పత్తి కాయతో సహా కోసుకొచ్చి దూది ఒలుచుకుంటున్నాం. ఒక బుట్టెడు కాయలు తీసుకెళ్లి లావణ్య మంచం పక్కన కింద కూర్చున్నాను. నా మటుకు నేను ఒలుచుకుంటా కూర్చున్నాను. నాలాంటి దానికి నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ దేవుడికే తెలియాలి. మర్నాడూ వెళ్లాను. ఆ మర్నాడు కూడా వెళ్లాను. సాంబయ్య పక్క గదిలో దాని బట్టలు సంచిలో సర్దుతున్నాడు, ఆ చప్పుడు వినపడుతోంది. ఈ పిల్ల మంచం దిగి, నా పక్కన కూర్చుని, బుట్టలోంచి ఒక కాయ తీసుకుంది. నావైపు చూడలేదు. కాయనే చూస్తా మాటాడింది.

"పెద్దమ్మా, నేను మళ్లీ అక్కడికి పోలేను."

"ఊఁ."

"పోను అని నాన్నకి చెప్పాలని రోజూ అనుకుంటా. గొంతు దాకా వస్తది. నాన్న మొహం చూడగానే ఆగిపోతది. ఆయనకెప్పుడూ వద్దు అని చెప్పలేదు నేను. ఒక్కసారి కూడా చెప్పలేదు."

"ఊఁ."

"పొద్దున లేవకుండా ఉంటే బాగుండుననిపిస్తది. ఎప్పటికీ."

ఏం కాదులే తల్లీ అన్న మాట నా నాలిక చివర దాకా వచ్చింది. పిచ్చిదానా అవేం మాటలే అన్నది కూడా దాని వెనకే వచ్చింది. రెండూ మింగాను. ఊఁ అన్నాను. అది ఎట్టా వచ్చిందో తెలియదు, నా గొంతులాగ లేదు. అంతే, పిల్ల అన్నీ చెప్పింది. వారం వారం మార్కుల వరస గోడకి అంటించడం, వెనకబడితే వేరే గదిలోకి మార్చడం, స్నేహితురాలు మాటాడడం మానెయ్యడం, పుస్తకం తెరిస్తే అక్షరాలు ఈదుతున్నట్టుండడం. బుట్టలో కాయలు అయిపోయినా చెప్తూనే ఉంది.

అంతా అయ్యాక అన్నాను. "అమ్మాయ్, నువ్వన్న ఆ లేవకుండా అన్న మాట డాక్టరమ్మకి చెప్పాలే. నీ ఎదురుగానే చెప్తా."

అది గయ్యిమంది. "ఎవరికీ చెప్పనన్నావుగా!"

"అనలేదు. వింటానని వచ్చా. దాస్తానని రాలేదు."

ఫోను చేశాను. ఆ ఒక్కసారీ ఆవిడ మధ్యలో పెట్టెయ్యలేదు. చివరిదాకా విని, "ఫోను ఆ పిల్లకివ్వండి. మీరు దాని పక్కనే ఉండండి. వస్తున్నాను" అంది. పొద్దు వాలకముందే ఆటో వాకిట్లో ఆగింది.

పిల్లతో మాటాడి బయటికొచ్చి, సాంబయ్యను అరుగు మీద కూర్చోమంది. సాంబయ్య కూర్చోలేదు. "నేనేమన్నా కొట్టానా మేడం? తిట్టానా? దాని మేలుకేగా! ఇప్పుడు ఆపితే సీటు పోద్ది."

"పోద్ది" అంది ఆవిడ.

వాడు ఆ జవాబు అనుకోలేదు. సర్దిచెప్తుందనుకున్నాడు. "ఏడాది పోద్ది మేడం."

"పోద్ది సాంబయ్యగారూ. నేను కాదనను. సీటు పోద్ది, ఏడాది పోద్ది. పిల్ల ఉంటుంది. దానికి జబ్బు చేసింది. జ్వరం వస్తే చేలోకి పంపిస్తారా? ఇదీ అంతే. మందుంది, తగ్గుతుంది. కానీ అక్కడికి పంపిస్తే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు."

సాంబయ్య అప్పుడు కూర్చున్నాడు. ఆవిడ వాణ్ణి ఒక్క మాట కూడా తప్పుపట్టలేదు. వాడు చిన్నప్పుడు చదువు మానేసి మిరపతోటకి నీళ్లు పెట్టిన సంగతి దగ్గర మొదలుపెట్టి ఎక్కడెక్కడికో పోయాడు. ఆవిడ ఊఁ కొడతా కూర్చుంది. నేను లోపలికెళ్లి చూస్తే కోటేశ్వరి సంచిలో బట్టలు తీసి మళ్లీ బీరువాలో పెడుతోంది.

మందులు వాడింది. చీరాలలో చిన్న డాక్టరు ఒకతను ఉన్నాడు, ఆయన్ని కూడా ఈవిడే తయారుచేసింది, నెలనెలా అక్కడ చూపించారు. వెంటనే ఏమీ కాలేదు. మధ్యలో మళ్లీ మంచం ఎక్కింది, మళ్లీ దిగింది. ఏడాది ఇంట్లో ఉండి, చీరాలలో పిన్ని ఇంటి నించి కాలేజీకి పోతూ ఇంటరు చేసింది, ఇప్పుడు అక్కడే లెక్కల డిగ్రీ. ఈ మధ్యే మందులు కూడా ఆపేశారు.

అందుకే నా భయం. ఫోనులో ఎవరో ఆ దండ వేసిన ఫొటో పంపిస్తే, అది చూసి మళ్లీ గోడవైపు తిరిగితే? నిన్న ఆదివారం పొద్దున్నే బస్సెక్కి చీరాల పోయాను. దారి పొడుగునా రెండు మాటలు సర్దుకున్నాను. ముందు చావు కబురు చెప్పాలి, ఆ తర్వాత కుర్చీ సంగతి అడగాలి.

పిన్ని ఇంట్లో వరండాలో నలుగురు చిన్నపిల్లల్ని ముందేసుకుని లెక్కలు చెప్తోంది. నన్ను చూడగానే లేచింది. "ఫొటో చూశా పెద్దమ్మా" అంది. నేను సర్దుకున్నదంతా పోయింది.

పిల్లల్ని పంపించేసి నా పక్కన కూర్చుంది. "పోయిన వారం ఫోను చేశా. పరీక్షల సంగతి చెప్తుంటే మధ్యలో పెట్టేసింది" అంది. అని ఏడ్చింది. ఏడుస్తానే నవ్వింది. అన్నం తింటున్నావా, నిద్ర పడుతోందా అని అడిగాను. తింటున్నానంది, పడుతోందంది. చిన్న డాక్టరు గారికి తనే ఫోను చేసి చెప్పిందంట, మనసు బాగోలేదు, ఒకసారి వస్తానని. నా గుండె సగం కుదుటపడింది.

అప్పుడు అడిగాను. "లావణ్యా, గురువారం రెండో కుర్చీ ఖాళీ అయింది. మనిషి లేకపోతే గది మూసేస్తారు. నీకు కాలేజీ మధ్యాహ్నం దాకానేగా. నువ్వు రాకూడదూ? ఆ పిల్లల బాధ నీకన్నా ఎవరికి తెలుసు?"

అది తల దించుకుంది. నేను చూస్తున్నాను. ఎప్పుడూ అంతే, పెద్దవాళ్లు ఏదన్నా అడిగితే తల దించుకుని ఊపేస్తుంది, తర్వాత లోపల్లోపల నలిగిపోతుంది. ఊపేస్తుందనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఊపెయ్యాలనే కోరుకున్నాను.

తల ఎత్తింది. నా కళ్లలోకి సూటిగా చూసింది.

"నేను రాను పెద్దమ్మా."

"ఎందుకే?"

"ఆ గదిలో కూర్చుంటే నావన్నీ మళ్లీ లేస్తాయి. ఇంకా ఏళ్లు పోయాక వస్తానేమో తెలియదు. ఇప్పుడు మాత్రం రాను. నువ్వు అడిగావని వస్తే నాకు మంచిది కాదు. నీకు కోపమొచ్చినా సరే, రాను."

దాని గొంతు వణకలేదు.

"సరే తల్లీ" అన్నాను. టీ పెట్టి ఇచ్చింది. తాగి లేచాను. వీధి చివరిదాకా వచ్చి ఆటో ఎక్కించింది.

ఆటో కదిలాక కాసేపటికి డ్రైవరు అద్దంలోంచి చూస్తా అన్నాడు. "ఏంది మామ్మా, ఒక్కదానివే నవ్వుకుంటన్నావు?"

"ఒక పిల్లను సాయం అడగడానికి వచ్చా నాయనా. రానంది."

"రానంటే నవ్వేదేముంది?"

"నా మొహం మీదే అందిరా. కోపమొచ్చినా సరే రానంది!"

వాడు నన్ను ఒక రకంగా చూశాడు. "సరేగానీ గడియారస్తంభం కాడ ఆపనా, బస్టాండు దాకా పోనివ్వనా?"

"బస్టాండుకే పోనీ. త్వరగా పోనీ. గురువారం లోపల ఇంకో మనిషిని చూసుకోవాలి నేను."